తలకు కరెంటు పెట్టుకుంటే గాఢనిద్ర పడుతుందా?

ఈ వారం ఉత్తరం అనంతపురం నుంచి వచ్చింది. రాసినావిడకు 49 ఏళ్లు, ప్రభుత్వ బడిలో టీచరు. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా డ్యూటీకి బయలుదేరాలి. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. తల్లికి 76 ఏళ్లు, మతిమరుపు జబ్బు. రెండేళ్లుగా ఈవిడ దగ్గరే ఉంటున్నారు. పగలంతా కుర్చీలో కునికిపాట్లు పడే ఆ పెద్దావిడ రాత్రి ఒంటిగంట దాటిందంటే లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్తారు. "శెనక్కాయ పీకేకి కూలోళ్లొచ్చినారు, తలుపు తీయే" అని గడియ లాగుతారు. ఆ చేను అమ్మేసి పదేళ్లయింది. "చేను లేదు కదమ్మా" అని నచ్చజెప్పి, బాత్రూముకు తీసుకెళ్లి, మళ్లీ పడుకోబెట్టేసరికి మూడవుతుంది. నాలుగుకు అలారం. భర్తకు టీ, క్యారియరు. ఆ తర్వాత కూతురు, తల్లి, బడి.

ఒక్కడే తమ్ముడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "నిద్ర లేదురా" అని ఫోన్లో ఏడిస్తే మొదట చేతికి ఒక వాచీ పంపాడు. గాఢనిద్ర 31 నిమిషాలని ఒకరోజు, 24 నిమిషాలని ఇంకోరోజు అది లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత 32 వేలు పోసి తలకు కట్టుకునే పట్టీ పంపాడు. నుదుటి మీద ఆనే రెండు ప్యాడ్ల నుంచి సన్నగా కరెంటు వెళ్తుందట. "ఉన్న మూడు నాలుగు గంటల్లోనే డీప్ స్లీప్ పెరుగుతుందక్కా" అన్నాడట. 11 రాత్రులు కట్టుకున్నారు. చిమచిమలాడింది. మొదటి మూడు రోజులు బాగున్నట్టే అనిపించింది. పన్నెండో రోజు అద్దంలో చూసుకుంటే సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట ఎర్రగా కమిలి, చిన్న పుండు. బడిలో అడిగినవాళ్లకు స్టిక్కర్ పడలేదని చెప్పారు. భర్త "తలకు కరెంటేంటి, బుద్ధుందా" అన్నారు. తమ్ముడు "ప్యాడ్ బాగా తడిపి పెట్టుకో, మానేయకు, అంత డబ్బు పోశాను" అన్నాడు.

చివరి పేజీలో, ఇరుకిరుకు అక్షరాల్లో మరికొన్ని సంగతులు. అమ్మకు డాక్టరు రాసిన రాత్రి మాత్ర రెండుసార్లు సగం వేసుకున్నారు. ఈ మధ్య ఒంట్లో సెగలు పుట్టి చెమటతో మెలకువ వస్తోంది. గురక పెడుతున్నావని కూతురు అంటోంది. ఒకరోజు హాజరు వేస్తూ ఒకే పేరు మూడుసార్లు పిలిచారు, పిల్లలు నవ్వారు. "ఆ రోజు ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. గాఢనిద్ర లేకపోతే మెదడులో చెత్త పేరుకుంటుందని ఒక వీడియోలో చూశాను. నాకూ అమ్మ జబ్బు మొదలైందా? పట్టీ మానేయాలా, కొనసాగించాలా? ఆసుపత్రిలో అయస్కాంతంతో చేసే పెద్ద మిషనుందట, అది చేయించుకుంటే మంచిదా?"

ఇదీ ఉత్తరం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, మిమ్మల్ని రాత్రి ఎవరెవరు ఎన్నిసార్లు లేపుతున్నారో గీతలు గీస్తూ పోయాను. అమ్మ, అలారం, సెగలు, మళ్లీ అమ్మ. నాలుగో గీత దగ్గర ఆగాను. తల ఆనిస్తే నిద్రపట్టని మనిషి ఇలాంటి ఉత్తరం రాయరు. మీకు నిద్ర వస్తోంది, పోనిచ్చేవాళ్లే లేరు. ఆ పట్టీ సంగతి ఎంత మాట్లాడుకున్నా చివరికి ఇక్కడికే వస్తాం.

ముందు పుండు. ఈ రాత్రి నుంచే పట్టీ తీసి పక్కన పెట్టండి. మిగతా వాటిలో దారులు చెబుతాను, ఎంచుకునేది మీరు. ఇందులో మాత్రం బేరం లేదు. ప్యాడ్ చర్మానికి అంతటా సమంగా ఆనితే కరెంటు పలచగా పరుచుకుంటుంది. ప్యాడ్ ఆరిపోయినా, కింద నూనె, స్టిక్కర్ జిగురు లాంటివి మిగిలినా, తగిలిన ఆ కాస్త చోటి నుంచే కరెంటంతా దూరుతుంది, అక్కడ కాలుతుంది. మీరు కట్టుకుని నిద్రపోయారు. ప్యాడ్ ఎప్పుడు ఆరిందో మీకెలా తెలుస్తుంది? పుండు మానకుండా మళ్లీ కడితే మొదట తగిలేది ఆ పచ్చి చోటికే. చర్మం డాక్టరుకు చూపించండి, స్టిక్కర్ పడలేదని మాత్రం ఆయనకూ చెప్పకండి. ఇంకో మాట. ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, తలలో లోహపు ముక్క ఉందా, గుండెకు పేస్‌మేకర్ ఉందా, చెవి లోపల అమర్చిన యంత్రం ఉందా అని అడగకుండా తలకు కరెంటు పెట్టుకోమనే మాట ఎవరు చెప్పినా వినకూడదు. ప్రేమ కొద్దీ చెప్పిన తమ్ముడైనా సరే.

అలాగని ఈ విద్య మొత్తం బూటకమని మీ ఆయనతో గొంతు కలపను. నిజంగానే ఇందులో సరుకుంది. ఎంతుంది, ఎవరికుంది అన్నదే ప్రశ్న.

చెక్కభజన చూసే ఉంటారు. మొదలుపెట్టే ముందు ఎవరి చెక్కలు వాళ్లు టకటకలాడిస్తుంటే సంత సద్దులా ఉంటుంది. గురువు పాట ఎత్తుకోగానే ఇరవై మంది చెక్కలూ ఒక్కటై పడతాయి, ఒక్కటై ఆగుతాయి. మెలకువలో మెదడు సంతలా ఉంటుంది. గాఢనిద్రలో భజనలా మారుతుంది. కోట్ల కణాలు కలిసి ఒక్క క్షణం ఊరుకుంటాయి, మళ్లీ కలిసి పలుకుతాయి. సెకనుకు ఒకటి కన్నా కాస్త నెమ్మదిగా పెద్ద పెద్ద అలలు లేస్తాయి. తలకు తీగలంటించి తీసే ఈఈజీలో ఇవి కొండల వరుసలా కనబడతాయి. వయసు పెరిగే కొద్దీ ఆ కొండలు కుంగుతాయి. అది జబ్బు కాదు, జుట్టు నెరవడం లాంటిదే.

ఆ అలలను బయటి నుంచి పెంచవచ్చా అని 2006లో జర్మనీలోని ల్యూబెక్‌లో ప్రయత్నించారు. 13 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు నిద్రలోకి జారాక, సెకనుకు 0.75 సార్లు ఊగే సన్నటి కరెంటు వాళ్ల తలకు పెట్టారు. అలలు పెరిగాయి. పడుకునే ముందు నేర్చుకున్న జంట పదాలు పొద్దున్న ఎక్కువ గుర్తున్నాయి. మీ తమ్ముడు చదివిన ఆశంతా ఇక్కడే ఊపందుకుంది. కానీ తర్వాత వేరేచోట్ల, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్ల మీద చేసినప్పుడు ఫలితం ఒకచోట కనబడితే ఇంకోచోట కనబడలేదు. కారణం కొంత 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో దొరుకుతుంది. శవాల తలల్లో కొలిచి చూస్తే, బయట పెట్టిన కరెంటులో దాదాపు 75 శాతం చర్మం, కండ, పుర్రె దగ్గరే పోతోంది. మెదడు దాకా చేరేది మిగిలిందే. మీ నుదురు కాలిందంటే ఆశ్చర్యం లేదు, ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఆ దారిలోనే.

కరెంటు లేకుండా శబ్దంతో చేసే పద్ధతి ఇంకొకటుంది. నాకు అడిగితే ఇదే కాస్త ముచ్చటగా ఉంటుంది. ఆ జర్మన్ బృందంలోవాళ్లే కొందరు 2013లో 11 మంది మీద చేశారు. మెదడు అలను అప్పటికప్పుడు చదువుతూ, అది పైకి లేచే క్షణానికి చెవిలో చిన్న చప్పుడు వినిపించారు. భజనలో లయ తెలిసినవాడు పక్కన నిలబడి సరిగ్గా దెబ్బ కలిపినట్టు. అల పెద్దదైంది. అదే చప్పుడు లయ తప్పి వినిపిస్తే ఏమీ జరగలేదు. 2017లో అమెరికాలో 60 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 13 మంది మీద చేసినా అలలు పెరిగాయి, జ్ఞాపకం కొంత మెరుగైంది. చూశారుగా, 13, 11, మళ్లీ 13. పడుకున్నది ప్రయోగశాలలో, నిశ్శబ్దమైన గదిలో. వాళ్ల పక్క గదిలో కూలోళ్లొచ్చినారని గడియ లాగే అమ్మ లేదు.

అయస్కాంతం సంగతి అడిగారు. దాన్ని టీఎంఎస్ అంటారు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మొదట చేసి చూపించారు. 2008లో అమెరికాలో మందులకు లొంగని డిప్రెషన్‌కు అనుమతించారు. మన దగ్గరా పెద్ద ఆసుపత్రుల్లో చేస్తున్నారు. మెలకువగా ఉండగానే కుర్చీలో కూర్చోబెట్టి, సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు చేస్తారు. అరుదుగా ఫిట్స్ రావచ్చు, అందుకే డాక్టరు ఎదురుగానే జరగాలి. మీకు డిప్రెషన్ ఉందని తేలి, మందులు పనిచేయకపోతే అప్పుడు ఆలోచించే దారి ఇది. గాఢనిద్ర నిమిషాలు పెంచుకోవడానికి బడికి సెలవు పెట్టి వెళ్లి చేయించుకునేది కాదు. ఇవి కాక, చెవి తమ్మెలకో తలకో సన్న కరెంటు పెట్టే పరికరాలు ఇంకో రకం. నిద్రలేమికి, ఆందోళనకు వాటిని అమ్మేందుకు 2019లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు పెట్టింది. అక్కడ అవి డాక్టరు చీటీ మీద ఇచ్చేవి. మీకు మాత్రం కొరియర్‌లో వచ్చింది.

ఇన్ని చెప్పాక ఒక్కటి గమనించండి. ఈ పద్ధతులన్నీ నిద్రపోతున్న తలలో అలను కాస్త పెంచడానికి చూస్తాయి. నిద్రే తెగిపోతుంటే పెంచడానికి అక్కడ ఏముంటుంది?

వాచీ గురించి రెండు ముక్కలు. అది మీ మెదడును చూడటం లేదు. మణికట్టు కదలికను, నాడిని చూసి, గాఢనిద్ర అయి ఉంటుందని ఊహిస్తోంది. మొత్తం ఎంతసేపు పడుకున్నారో ఫరవాలేదనిపించేలా చెప్పగలదేమో గానీ, 31కీ 24కీ మధ్య తేడా మీద మీరు ఏడవాల్సిన పని లేదు. ఇలా వాచీ లెక్కల టెన్షన్‌తో నిద్ర చెడగొట్టుకునేవాళ్లు ఎక్కువై, దానికి 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. పొద్దున్నే లేచి ఒళ్లు ఎలా ఉందో చూసుకోకుండా వాచీని అడుగుతున్నారంటే మీరూ ఆ గుమ్మంలో ఉన్నట్టే.

ఇక మీ అసలు భయం. నాకూ మొదలైందా అని రాసిన వాక్యం కింద మీరు రెండు గీతలు గీశారు.

చెత్త మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. నిద్రలో మెదడులోని వ్యర్థాలు ఎక్కువగా కొట్టుకుపోతాయని 2013లో ఎలుకల మీద చూశారు. వీడియోలన్నిటికీ మూలం అదే. 2024లో లండన్‌లో, మళ్లీ ఎలుకల మీదే, ఇంకో పద్ధతిలో కొలిస్తే ఫలితం తిరగబడింది, నిద్రలో తగ్గిందన్నారు. పండితులే ఇంకా తగువులాడుకుంటున్న విషయాన్ని మీరు అర్ధరాత్రి మీ నెత్తిన వేసుకున్నారు. అయితే నిద్రకూ మతిమరుపుకూ సంబంధమే లేదని అబద్ధం చెప్పను. బ్రిటన్‌లో దాదాపు 8 వేల మందిని పాతికేళ్లు గమనించి 2021లో చెప్పిందేమిటంటే, 50, 60, 70 ఏళ్లప్పుడు ఎప్పుడూ ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయినవాళ్లలో మతిమరుపు జబ్బు 30 శాతం ఎక్కువగా కనిపించింది. వచ్చి తీరుతుందని కాదు. అది కూడా మొత్తం నిద్ర గంటల లెక్క. పట్టీ కట్టుకున్నవాళ్లకు ఆ జబ్బు రాదని ఇప్పటిదాకా ఏ ప్రయోగమూ నిరూపించలేదు.

హాజరు పట్టీ దగ్గర జరిగింది వేరు. మూడుసార్లు పిలిచానని మీకు తెలిసింది, సిగ్గేసింది, నెల తర్వాత కూడా ఎవరి పేరో గుర్తుపెట్టుకుని నాకు రాశారు. రెండేళ్లుగా రోజుకు నాలుగు గంటలు ముక్కలు ముక్కలుగా నిద్రపోయే ఎవరికైనా అలా అవుతుంది. అయినా మనసులో పురుగు తొలుస్తుంటుంది కాబట్టి ఒక రోజు సెలవు పెట్టి థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మెదడు మందగించడానికి ఇవీ కారణమవుతాయి, వీటికి మందుంది. ఈ వయసులో సెగలు ముట్లు ఆగే దశవి కావచ్చు, ఆడవాళ్ల డాక్టరు దగ్గర దానికీ వైద్యముంది. ఓర్చుకోవాల్సిన పనేమీ లేదు.

గురకను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ముట్లు ఆగే వయసు నుంచి ఆడవాళ్లలో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ అప్నియా, పెరుగుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా ఎగపీల్చుతున్నారేమో చూడమని మీ అమ్మాయికి చెప్పండి, ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసినా చాలు. అలా ఉంటే ఊపిరితిత్తుల డాక్టరుకో ముక్కు చెవి గొంతు డాక్టరుకో చూపించి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఆ జబ్బు ఉంటే ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు గాఢనిద్ర నుంచి పైకి లేస్తుంది. నుదుటి మీద ఎంత ఖరీదైన పట్టీ ఉన్నా అది ఊపిరి తెప్పించదు.

అమ్మ మాత్ర ఇక ముట్టుకోకండి. ఆ మాత్ర పేరు మీరు రాయలేదు. ఏదైనా అది ఆవిడ వయసుకు, ఆవిడ జబ్బుకు రాసింది. మీరు మత్తులో ఉన్న రాత్రి ఆవిడ గడియ తీసి వీధిలోకి నడిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నిద్రమాత్రల్లో చాలా మందికి తెలిసిన అల్ప్రాజొలామ్ లాంటివి నిద్రను తెస్తాయి గానీ, మీరు వెతుకుతున్న గాఢనిద్ర అలలను తగ్గిస్తాయి కూడా. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

ఇప్పుడు రాత్రి దగ్గరికి వద్దాం. ఇక్కడే మీ చేతిలో ఎక్కువ ఉంది.

గాఢనిద్ర రాత్రంతా సమంగా పరుచుకుని ఉండదు. ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు గంటల్లోనే వస్తుంది. నిద్ర బాకీ పడినవాళ్లకు మెదడు ముందుగా తీర్చేది కూడా ఈ బాకీనే. అది ఏ యంత్రమూ అడగకుండా తనంతట తాను చేసే పని. అంటే మీరు పదకొండుకు పడుకుని ఒంటిగంటకు లేస్తే పోతున్నది బంగారం లాంటి భాగం. తొమ్మిదిన్నరకు పడుకుని ఒకటిన్నర దాకా ఎవరూ మిమ్మల్ని లేపకుండా ఉంటే, ఆ తర్వాత రాత్రి ముక్కలైనా పొద్దున్న ఒళ్లు వేరుగా ఉంటుంది. పదకొండు దాకా మీరు చేసే పనులేంటో రాయలేదు. పేపర్లు దిద్దడం, గిన్నెలు, మర్నాటి కూరగాయలు అయి ఉంటాయి. గిన్నెలు సింకులో ఒక రాత్రి ఉంటే కొంప మునగదు. మీ ఆయన క్యారియరు ముందురాత్రే సర్దిపెట్టి, టీ ఆయన్నే పెట్టుకోనిస్తే నాలుగు గంటల అలారం పోతుంది. ఆయన్ను రాత్రి లేపలేకపోవడం నాకు అర్థమైంది, యాభై మంది ప్రాణాలు ఆయన కళ్ల మీద ఉన్నాయి. కానీ వారాంతపు సెలవు ముందు రాత్రి అమ్మ గదిలో ఆయన పడుకోవచ్చు. "బుద్ధుందా" అన్న మనిషిని అదే మాట మీద పట్టుకోండి, "కరెంటు వద్దంటే ఈ ఒక్క రాత్రి నువ్వు చూడు" అని. అమ్మాయిని మాత్రం ఈ ఏడాదికి వదిలేయండి.

అమ్మగారి విషయంలో కూడా కొంత చేయొచ్చు. పగలు కునికితే రాత్రి లేస్తారు, ఈ జబ్బులో రాత్రీ పగలూ తారుమారు కావడం మామూలే. పొద్దున పూట అరుగు మీద ఎండ తగిలేలా కూర్చోబెట్టి, ముందు చాటలో నాలుగు దోసిళ్ల శెనక్కాయలు పోసి ఒలవమనండి. గింజ తక్కువైనా పొట్టు ఎక్కువైనా పర్వాలేదు. ఆ చేతులకు తెలిసిన పని అది, కునుకు పట్టనివ్వదు. మీరు బడికి వెళ్లాక ఆవిడను చూసుకునేవాళ్లకు ఈ మాట చెప్పి వెళ్లండి. రాత్రి లేవడం ఈ మధ్యే ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి ఉందేమో డాక్టరును అడగండి. నోటితో చెప్పలేనివాళ్లు కాళ్లతో చెబుతారు. ఆ రాత్రి మాత్ర ఏ వేళకు ఇవ్వాలో కూడా అప్పుడే అడగండి. వీధి తలుపుకు ఒక తెర వేయండి, గడియకు రెండు గజ్జెలు కట్టండి, బాత్రూములో చిన్న బల్బు వెలగనివ్వండి.

చేను అమ్మేశామని ఇంక చెప్పకండి. మీకది పదేళ్ల నాటి సంగతి. ఆవిడకు మీరు చెప్పిన ప్రతి రాత్రీ ఆ చేను అప్పుడే పోతుంది. దాంతో గుండె దడ, ఏడుపు, ఇంకో గంట మెలకువ. "కూలోళ్లకు సంగటి కావాల కదమ్మా, తెల్లారినాక చేసి పంపిద్దాం, అంతదాకా పండుకో" అనండి. సంగటి మాటకు ఆవిడ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఇందులో అబద్ధమాడానన్న బాధ మీకు వద్దు.

తమ్ముడి దగ్గరికి చివర్లో వచ్చాను. అతను చెడ్డవాడని నాకు అనిపించలేదు. అక్క ఏడిస్తే తట్టుకోలేక తన చేతికి అందిన పని చేశాడు. కొన్నాడు, పంపాడు. బెంగళూరు నుంచి మీ ఊరికి బస్సు నాలుగైదు గంటలు. రెండేళ్లలో అతను ఆ గదిలో ఎన్ని రాత్రులు పడుకున్నాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు అడిగారో లేదో కూడా లేదు. నిద్ర లేదురా అనడం వేరు, వచ్చి రెండు రాత్రులు చూడరా అనడం వేరు. మొదటి మాటకు అతను యంత్రం పంపాడు. రెండో మాటకు ఏం చేస్తాడో మీకింకా తెలియదు.

ఫోన్లో చెబితే మధ్యలో ఏడుపొస్తుంది, మాట పక్కకు పోతుంది. మెసేజ్ రాయండి. ఇలా ఉండొచ్చు: "తమ్ముడూ, పట్టీతో నుదురు కాలింది, మానేశాను. నీ మీద కోపం లేదు. అమ్మ రాత్రి ఒంటిగంటకు లేస్తోంది, నాకు రోజూ నాలుగు గంటల నిద్ర. నెలలో రెండు శుక్రవారాలు రాత్రికి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లు. ఆ రాత్రులు అమ్మ గదిలో నువ్వు పడుకో. అది కుదరకపోతే రాత్రి మనిషికి జీతం నువ్వు పంపు. రెండింట్లో ఏదో ఆదివారంలోగా చెప్పు." పుండు ఫొటో కూడా పెట్టండి. దాచుకోవాల్సింది ఏమీ లేదు.

అతను వస్తానంటే మొదటిసారి నానా యాతన పడతాడు. పడనివ్వండి, మధ్యలో లేచి వెళ్లకండి. ఇంటి నుంచి పనిచేసే వీలుంటే నెలకు వారం మీ ఇంట్లో కూర్చుని చేసుకోమనొచ్చు. రాత్రి మనిషిని పెడితే, మీ ఊళ్లో ఎంత అడుగుతున్నారో ముందు విచారించండి, ఆ 32 వేలు ఎన్ని నెలలకు వచ్చేవో అప్పుడు తెలుస్తుంది. కొత్త మనిషిని చూసి అమ్మ బెదరొచ్చు, రెండు మూడు వారాలు మీరు పక్కనే ఉండాలి. ఆవిడ మెడలో గొలుసు తీసి లోపల పెట్టండి, తర్వాత ఒకరినొకరు అనుమానించుకునే పని ఉండదు. "అమ్మను నేనే తీసుకుపోతా" అంటే మీకు ఊపిరి ఆడుతుంది, కానీ ఈ జబ్బున్నవాళ్లకు చోటు మారితే తికమక పెరుగుతుంది. పదో అంతస్తులో అరుగు ఉండదు. కొన్నాళ్లకు తీసుకుపోవడమే అయితే, ఆ వీలుతో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో చూపించమనండి. అక్కడ మతిమరుపు జబ్బులకు ప్రత్యేక క్లినిక్ ఉంది. అసలేమీ కుదరదన్నాడనుకోండి. బాధగా ఉంటుంది. కానీ యంత్రాలు రావడం ఆగుతుంది, మీకు లేని ఆశ మీద లెక్కలు వేసుకోవడం ఆగుతుంది, అప్పుడు మీరూ మీ ఆయనా కూర్చుని వేరే ఏర్పాటు చూసుకోవచ్చు.

పట్టీని వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. తీసుకోకపోతే బీరువాలో పడెయ్యండి. పుండు పూర్తిగా మానాక, నిద్ర తెగకుండా నెలరోజులు గడిచాక కూడా వాడి చూడాలనిపిస్తే, దాన్ని సంచీలో వేసుకుని సైకియాట్రిస్టు దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో తీసుకెళ్లి ముందు పెట్టండి. ఎంత కరెంటు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ అని ఆయన చూసి చెబితే అది వేరు. మీ అంతట మీరు కట్టుకుని నిద్రపోవడం మాత్రం వద్దు. చెవిలో చప్పుడు వినిపించే రకం కాలదు గానీ, చెవులు మూసుకుంటే మీకు గజ్జెలు వినబడవు. అమ్మను వేరొకరు చూసే రాత్రులకే అది పనికొస్తుంది.

ఒకవేళ మిమ్మల్ని ఎవరూ లేపని రాత్రి కూడా మీకు నిద్ర పట్టలేదనుకోండి. రెండేళ్లు సగం చెవి తెరిచి పడుకున్నవాళ్లకు అలా జరుగుతుంది. అప్పుడు అది నిద్రలేమి. దానికి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు, సీబీటీ అనే మాటల వైద్యం అని అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2016లోనే చెప్పింది. పడక మీద గడిపే సమయాన్ని సరిచేయడం, నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం లాంటివి నేర్పుతారు. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత నిలబడుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. తలుపేసుకుని ఏడ్చిన సంగతి వాళ్లకూ చెప్పండి. అలాంటి రోజులు ఎక్కువవుతుంటే వెంటనే చెప్పండి.

నుదుటి మీద మానే దాకా స్టిక్కర్ పెట్టకండి. తమ్ముడు వచ్చిన మొదటి శుక్రవారం తొమ్మిదిన్నరకే వేరే గదిలో చేరి తలుపేసుకోండి. ఒంటిగంటకు గజ్జెలు మోగుతాయి, మీకు అలవాటుగా మెలకువ వస్తుంది. లేవకండి. సంగటి మాట అతనికి ముందే నేర్పి ఉంచండి. ఆ రాత్రికి వాచీ హాల్లో చార్జింగులో ఉండనివ్వండి.